గుట్ట నుంచి కొలిచిన ఊరు

మా గోదావరిఖని పటం గీయడం సులువు. ఒకపక్క గోదావరి, ఒకపక్క ఓపెన్‌కాస్టు గని, నడుమ వరుసలు తీరిన క్వార్టర్లు. గని అంచున తవ్విపోసిన మట్టి గుట్ట. ఎక్కడ నిలబడ్డా కనిపిస్తుంది కాబట్టి నా నోటుబుక్కులో దూరాలన్నీ ఆ గుట్ట అంచు నుంచే అడుగుల్లో రాసుకున్నాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, సొంతంగా నేర్చుకున్నాను. అందుకే గర్వం కొంచెం ఎక్కువ.

బావ గనిలో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై, ఐదు వందల అడుగులకే ఆయాసం. దవాఖానకు వారానికి మూడుసార్లు పోవాలి. ఆటో ఎక్కమంటే వినడు.

"దగ్గర ఇల్లు జూడు తమ్మీ," అంది అక్క.

నేను చూడలేదు, లెక్క తీశాను. గుట్ట నుంచి దవాఖాన పన్నెండు వందల అరవై అడుగులు. అదే రోడ్డు మీద కిరాయికున్న ఇల్లు ఏడు వందల ఎనభై. తీసేస్తే నాలుగు వందల ఎనభై. బావ ఊపిరికి ఇరవై అడుగులు మిగులుతాయని కూడా అక్కకు చూపించాను. సామాను మార్చారు.

మొదటి రోజు ఐదు వందల దగ్గర బావ రొప్పుతూ ఆగిపోయాడు. దవాఖాన గేటు ఇంకా దూరంగానే ఉంది. పక్కనే బండ్లు బాగుచేసే మెకానిక్కు స్టూలు తెచ్చి వేశాడు. నేను నోటుబుక్కు తీసి అతనికి లెక్క చూపించాను.

"ఇల్లు ఎప్పుడు కొలిసినవ్ అన్న?" అన్నాడు మెకానిక్కు.

"నాలుగేండ్లయితుంది."

"దవాఖాన?"

"పోయిన నెల."

"మరి గుట్ట నాలుగేండ్లు ఆడనే కూసుందా?"

అప్పుడు అర్థమైంది. ఇల్లు గుట్ట పాత అంచు నుంచి కొలిచాను, దవాఖాన కొత్త అంచు నుంచి. డంపర్లు రోజూ మట్టి పోస్తుంటే గుట్ట ఊరివైపు నూట నలభై అడుగులు జరిగింది. నా పెన్సిలు మాత్రం జరగలేదు.

బావకు ఊపిరి అందింది. "గా గుట్టను ముందుకు నూకింది నా డంపరే బామ్మర్ది. ఒక్కమాట నన్నడిగితే ఏం బోయె?"

మిగిలిన నూట ఇరవై అడుగులు నా భుజం పట్టుకుని నడిచాడు. లెక్కపెట్టొద్దని అక్క ఇంటి దగ్గరే చెప్పింది. అయినా పెట్టాను. బావ అడుగుల్లో నూట తొంభై.