రాజలింగం, నాలుగు కెమెరాలు

రాజలింగం అంటే నాకు పడదు. స్వయానా మా అక్క మొగుడే, అయినా పడదు. ముందే చెబుతున్నాను, ఆయన గురించి మంచి మాటలు కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

పొట్టకూటికి వలసొచ్చి మేం పనిచేసేది పాండేసరలో, బట్టకు రంగులేసే మిల్లులో. ఆరిన బట్ట వెలుగు బల్ల మీదుగా జారుతుంటే మరకలు, చిల్లులు, రంగు తేడాలు పట్టే పని ఎనిమిది మంది ఆడవాళ్లది. అందులో నేనొకదాన్ని, పేరు లత. అందరిలోకీ పెద్దది బుచ్చవ్వ. రాజలింగం అదే మిల్లులో కరెంటు పనివాడు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి పదహారేళ్లకే వచ్చాడు. పక్కనే ఉన్న ఉధ్నాలో ఇరవై ఏళ్లు మగ్గాలు నడిపి, ఆ మోతకు ఒక చెవి పోగొట్టుకుని, ఆ తర్వాత వైర్ల పని నేర్చుకున్నాడు. మగ్గాల షెడ్డులో ఎంత అరిచినా వినపడదు, అవతలివాడి భుజం తట్టాల్సిందే. ఆ అలవాటుతో మమ్మల్ని కూడా స్క్రూడ్రైవర్ పిడితో తట్టి పిలిచేవాడు. మేం తిట్టినా సగం వినపడేది కాదు.

కిందటేడు మిల్లు యజమాని సేఠ్ మా బల్ల మీద నాలుగు కెమెరాలు పెట్టించాడు. ప్రయోగశాలల్లో వాడే రకం, వెంట్రుకవాసి రంగు తేడా కూడా పట్టేస్తాయట. అవి సరిగా నడిస్తే బల్లనూ మమ్మల్నీ తీసేస్తామని సూపర్‌వైజర్ ఓంప్రకాష్ మా మొహం మీదే చెప్పాడు. అహ్మదాబాద్ ఇంజనీరు వచ్చి మేడ మీది ఆఫీసులో రెండు రోజులు కూర్చున్నాడు. కెమెరాలు వెతకమంటే కంప్యూటర్ ఒక్కటీ లేదనేది. మేం లోలోపల సంబరపడ్డాం. ఇంజనీరు మాత్రం వైర్లు దండగ, వేసినవాడు దండగ అని సేఠ్ ముందే మా బావను తిట్టిపోశాడు.

అదే మా కొంప ముంచింది. తిట్లు పడ్డ మనిషి రౌటర్ ముందు కూర్చుని, ఒక పూటలో సంగతి తేల్చేశాడు. షెడ్డు నెట్‌వర్క్ వేరు, ఆఫీసు నెట్‌వర్క్ వేరు. తర్వాత మా దగ్గరికొచ్చి గొప్పలు పోయాడు.

“వాని కంప్యూటర్ మేడ మీద కూసొని ఒర్లుతున్నది. గా ఒర్లుడు గోడ దాటి కిందికి ఇనవడది. ఒక్కొక్క కెమెరా అడ్రస్ రాసిచ్చిన. సీద దానికాడికే పోయి భుజం తట్టింది.”

నాలుగు అడ్రసులు కొట్టగానే నాలుగు బొమ్మలూ వచ్చాయట. ఇంజనీరు సాయంత్రం రైలెక్కి పోయాడు. నెలాఖరుకల్లా బల్ల ఉండదని మాకు కబురొచ్చింది.

ఇంతలో అమావాస్య వచ్చింది. ఆ రోజు యంత్రం ఆపి, తుడిచి, బొట్టు పెట్టడం మా మగ్గాలవాళ్లకు తాతలనాటి అలవాటు. సేఠ్ కూడా ఆ ఒక్క పూట వదిలేసేవాడు. రాజలింగం కరెంటు మెయిన్ స్విచ్చి దించాడు. బుచ్చవ్వ కెమెరాలను తడిగుడ్డతో తుడిచి, వాటి స్టాండ్లకు కుంకుమ పెట్టింది. మర్నాడు చూస్తే కంప్యూటర్‌లో నాలుగూ నల్లగా ఉన్నాయి.

బుచ్చవ్వే కావాలని నీళ్లు పట్టించిందని ఓంప్రకాష్ తేల్చేశాడు. పనిలోంచి తీసేశామని, రేపు పోలీసులకు అప్పగిస్తామని అరిచాడు. అరవై దగ్గరపడ్డ మనిషి గేటు దగ్గర కూలబడి ఏడుస్తూనే ఉంది.

మధ్యాహ్నం అన్నాల వేళ రాజలింగం నన్ను పక్కకు పిలిచాడు. మెయిన్ దించి ఎత్తేసరికి రౌటర్ కెమెరాలకు కొత్త అడ్రసులిచ్చిందట. కంప్యూటర్ ఇంకా పాత ఇళ్ల తలుపులే తడుతోందట. అడ్రసులు మారకుండా కట్టేయాలని ఇంజనీరు చెప్పలేదు, తనకూ తట్టలేదట. ఇప్పుడు చెబితే కెమెరాలు నడుస్తాయి, బల్ల పోతుంది. ఏం చెయ్యాలని అడిగాడు.

“నోరు మూసుకో బావా,” అన్నాను. “ఎవ్వలికి సమజ్ గాదు. ఇంక కొన్ని నెలలు ఏడుగురం బతుకుతం.”

“మరి బుచ్చవ్వ?”

“ముసల్ది. ఒక్కతే పోతది.”

ఆయన టిఫిన్ మూత కూడా తియ్యకుండా మేడ ఎక్కాడు. మెయిన్ దించింది తనేనని, ముసలామె ఏం చెయ్యలేదని సేఠ్‌తో చెప్పి, పది నిమిషాల్లో నాలుగు అడ్రసులూ సరిచేసి చూపించాడు. కేసు మాట ఆగిపోయింది. ఓంప్రకాష్ మాత్రం బుచ్చవ్వ వైపు తిరిగి కూడా చూడలేదు.

సోమవారం బల్ల ఎత్తేశారు. ఎనిమిది మందిమీ రోడ్డున పడ్డాం. వాడలో ఆడవాళ్లు రాజలింగం ఎదురైతే ఉమ్మేస్తారు. నేను అక్క ఇంటి గడప తొక్కడం మానేశాను. అక్క ఎందుకని అడుగుతుంది. నేనన్న మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, అక్కకు కూడా. చెప్పి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. బుచ్చవ్వ దారిలో కనబడి, “మంచిగున్నవా బిడ్డా” అని నా తల నిమిరినప్పుడల్లా, ఆయన మీద ఒళ్లు మండిపోతుంది.