దావీదు చెప్పిన పేరు

2004లో నేను గోదావరి డెల్టాలో ఒక ఎక్సైజ్ స్టేషన్‌లో రైటర్‌గా ఉండేవాణ్ణి. రైటర్ అంటే స్టేషన్ కాగితాలన్నీ రాసే కానిస్టేబుల్. దాడికి వెళ్లిన చోట పంచనామా రాయడమూ నా పనే. ఏం దొరికింది, ఎవరి దగ్గర, ఎంత బరువు, ఎవరి ఎదుట సీల్ వేశాం అన్నవన్నీ అక్కడికక్కడే రాసే నివేదిక అది. గంజాయి కేసులో కోర్టు మొదట చూసేది దాన్నే. కొట్టివేత లేకుండా రాస్తానని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు మోజు కూడా, దాచడమెందుకు.

అంతకు కొన్నేళ్ల ముందే చట్టం మారింది. గంజాయి ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష. ఇక ఏజెన్సీ కొండల్లో సాగు దానంతటదే ఆగిపోతుందని ట్రైనింగ్‌లో చెప్పారు. మేమూ నమ్మాం.

ఆ వేసవిలో ఒకరోజు కాలవగట్టు మీద చింతపండు బస్తాల వ్యాన్ ఆపాం. డ్రైవర్ దూకి పారిపోయాడు. వెనక కూర్చున్న కూలి మాత్రం కదల్లేదు. పేరు దావీదు, రామచంద్రపురం దగ్గర పల్లె. కోతలు లేని రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి వెళ్లే మనిషి. చింతపండు కింద రెండు బస్తాల గంజాయి దొరికింది. తూకం వేస్తే ఇరవై మూడు కిలోలు.

సాక్షి సంతకాలు పెట్టే మధ్యవర్తులుగా ఇద్దరు గ్రామాధికారులు వచ్చారు, ఎమ్మార్వో గారూ వచ్చారు. పదకొండున్నరకి నేను అట్ట ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. అప్పుడు దావీదు నోరు విప్పాడు.

"చింతపండనే ఎక్కించారండి. ఇయ్యి నావి కాదండి బాబూ. మా పక్కూరి కమీషన్ వ్యాపారి గారివండి. ఆయన గోడౌన్లో ఇలాంటి బస్తాలు ఇంకా ఉన్నాయండి."

పేరు కూడా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ గారు ఆ మాట వింటూనే జీపెక్కారు. "నువ్విది పూర్తి చెయ్యవోయ్, నేను గోడౌన్ చూసొస్తా" అన్నారు.

ఇక్కడ చట్టంలో ఒక షరతు ఉంది. ఎవరో చెప్పిన సమాచారంతో ఒక కట్టడంలో సోదా చేయాలంటే, లోపలికి అడుగుపెట్టకముందే ఆ సమాచారం కాగితం మీద ఉండాలి, నకలు పై అధికారికి వెళ్లాలి. రెండు వాక్యాల పని.

"ఆయన పేరు రాయండి బాబూ" అని దావీదు రెండుసార్లు అడిగాడు.

"ఇందులో రాయకూడదయ్యా. అది వేరే కాగితం. సాయంత్రం రాస్తాలే."

ఆ వేరే కాగితం నా సంచిలోనే ఉంది. చేతిలో ఉన్న పంచనామా వరస తప్పుతుందని బయటికి తియ్యలేదు. రెండు గంటలకి చివరి సంతకం అయ్యేసరికి నాకు తృప్తిగా అనిపించింది.

గోడౌన్లో నిజంగానే బస్తాలు దొరికాయి. వాటితోపాటు కొండ రైతులకి పంచే గంజాయి విత్తనాలు సంచుల కొద్దీ ఉన్నాయి. అంటే పంట వేయించేవాడే చిక్కాడు. ఇలాంటివాడు దొరకడం మా స్టేషన్‌లో అదే మొదలు. సాయంత్రం సమాచారం కాగితం రాయడానికి కూర్చున్నాను. తర్వాత రాసి ముందు టైము వెయ్యడం అప్పట్లో మాకు అలవాటు. మధ్యాహ్నం పన్నెండు గంటలకి స్టేషన్‌లో రాసినట్టు రాశాను.

రెండేళ్లకి విచారణకొచ్చింది. దావీదుకి ప్రభుత్వం పెట్టిన లాయరు గారు నన్ను రెండే ప్రశ్నలడిగి కూర్చున్నారు. వ్యాపారి తరఫున పెద్ద లాయరు గారు మాత్రం నింపాదిగా లేచారు.

"పన్నెండు గంటలకి మీరెక్కడున్నారండి?"

"స్టేషన్‌లోనండి."

ఆయన దావీదు కేసు పంచనామా నకలు నా చేతికిచ్చారు. "పదకొండున్నర నుంచి రెండు దాకా కాలవగట్టు మీద ఇది రాసిందెవరండి?"

నేను ఆకుకు అందకుండా పోకకు పొందకుండా ఏదో చెప్పబోయాను. "ఈ రాత మీదేనా కాదా, అంతే చెప్పండి" అన్నారాయన.

"నాదేనండి."

సోదాకి ముందు సమాచారం రాయలేదని తేలి వ్యాపారి బయటికొచ్చేశాడు. దావీదుకి పదేళ్లు. పైకోర్టుకి వెళ్లినా శిక్ష తగ్గలేదు. పంచనామాలో ఏ లోపమూ లేదన్నారు.

శిక్ష పడినరోజు కోర్టు వరండాలో దావీదు భార్య మరియమ్మ నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు.

"ఆయన పేరు చెప్పారంట కదండీ. మీరు విన్నారంట కదండీ."

"విన్నానమ్మా."

"మరెందుకు రాయలేదండీ?"

ఏం చెప్పను? కాగితం అందంగా రావాలని రాయలేదమ్మా అని చెప్పనా? బస్సుకి టైమవుతోందని చెప్పి వచ్చేశాను. అంత నీచమైన అబద్ధం నేను సాక్ష్యంలో కూడా చెప్పలేదు.

మరుసటి పంట కాలానికి కొండల నుంచి బస్తాలు యథాప్రకారం దిగాయి. వాటి మీద కూర్చుని వచ్చినవాళ్లందరూ దావీదులే. వాళ్లనీ పట్టుకున్నాం, వాళ్ల పంచనామాలూ నేనే రాశాను. విత్తనాలు ఎవరు పంపుతున్నారో స్టేషన్‌లో అందరికీ తెలుసు. ఏ కాగితంలోనూ ఉండదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, ఆ అస్త్రానికి పదును పెట్టే ఉద్యోగం నాది. దావీదు పంచనామాని మాదిరిగా జిరాక్స్ తీయించి కొత్తవాళ్లకి పంచారు. ఎలా రాయాలో నేనే పాఠం చెప్పాను.

శిక్ష పెంచితే పంట ఆగుతుందని ఇప్పటికీ ఎవరైనా అంటే నేను వాదించను. ఆ కేసు నాకు నేర్పింది వేరే. బీదవాడి విషయంలో మేం చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాం, ఎందుకంటే అతను కదలకుండా కూర్చుని మాకు కావలసినంత టైము ఇస్తాడు. దావీదు పదేళ్లూ ఎప్పుడో పూర్తయ్యాయి. ప్రాణాలతో బయటికొచ్చాడో లేదో నాకు తెలియదు. మా ఇంటి నుంచి రామచంద్రపురం బస్సులో గంటన్నర దారి. రిటైరై ఇన్నేళ్లయినా నేను వెళ్లి కనుక్కోలేదు.