పులుసు రైలు

పెరటి నడుమ, మోకాటి లోతు వాననీటిపైన, చేతికందనంత ఎత్తులో వంజరం పులుసు చట్టి టక్కున ఆగింది. అవతల వసారాలో విస్తరి ముందు కూర్చున్నది మా అత్తమ్మ అన్నగారు; మా ఆయనకు మేనమామ, నేనూ మామా అనే పిలుస్తాను. నేను కావలి బడిలో టీచరుగా చేరవచ్చునో లేదో తేల్చడానికి మా ఊరు బోగోలు వచ్చిన మనిషి. ఇంత శ్రద్ధగా తన కొంప తానే ముంచుకున్న బి.ఎస్సీ. మీకు మరొకతె దొరకదు.

మా వంటిల్లు పెరటికి ఆ చివర, భోజనాల వసారా ఈ చివర. వానలొస్తే నడుమ చెరువు. నా చేతిలో వేడి గిన్నె, నా కొంగు పట్టుకుని ఇద్దరు పిల్లలు. ఎవరు జారినా ముగ్గురమూ కాలిపోతామని రోజూ దిగులే. నిరుడు ఆ దిగులులో ఉండగా ఒక పత్రిక చేతికొచ్చింది. అందులో పరదేశాల తొలినాటి వేలాడే రైళ్ల బొమ్మలు. పైన ఒకటే పట్టా, కింద వేలాడుతూ పెట్టె. ఒకదాన్ని గుర్రం లాగుతోంది కూడా. నేల ఎంత బురదైనా బండికి లెక్కలేదు. దారి పొడుగునా స్తంభాలు నాటారు పాపం. దుబారా మనుషులు అనుకున్నాను.

నేను స్తంభాలు లేకుండానే కట్టాను. వంటింటి చూరు నుంచి వసారా దూలానికి కాస్త వాలుగా ఇనుప తీగ, తీగ మీద బావి గిలక, గిలకకు ఉట్టి. ఖాళీ చట్టి పెట్టి తోస్తే పల్లకిలా వెళ్లింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకేం కావాలి?

మా వైపు చేపల పులుసు ముందురోజు వండిందైతేనే అతిథికి మర్యాద. అత్తమ్మ ఒక పూటంతా పిల్లి నుంచి కాపాడిన ఆ పులుసును నేను రైలెక్కించాను.

"ఏందమ్మాయ్, ఆడే నిలబడిందే?" అన్నారు మామ.

"సిగ్నల్ పడలేదేమో మామా" అన్నాను.

"బరువుకి తీగ కుంగింది కదమ్మే. ఇంత చదివినావే, ఆ మాత్రం తెలీలా?" అంటూ అత్తమ్మ మునక్కాయలు కోసే దోటి తెచ్చింది.

"అంచు పట్టి లాగబాకండి అత్తమ్మా."

"నువ్వు ఊరుకో."

దోటి కొక్కెం చట్టి అంచుకే తగులుకుంది. చట్టి ఒరిగింది. వంజరం ముక్కలు తోసుకోకుండా, వరుసగా, నీళ్లలోకి దిగాయి. బరువు తగ్గగానే తీగ లేచింది. గిలక కిర్రుమంటూ దూసుకుపోయింది. ఖాళీ చట్టి మామ విస్తరి ముందు బుద్ధిగా నిలబడింది.

మామ లోపలికి తొంగి చూశారు. "రైలొచ్చిండాది. ఎక్కినోళ్లే నడిమధ్యన దిగిపోయినారు."

మజ్జిగన్నం తిని, చెయ్యి కడుక్కుని తీర్పు చెప్పారు.

"చెల్లెమ్మా, ఈ అమ్మాయిని బడికి పంపించు. పగలంతా ఇంట్లో ఉంటే మీకు తిండి దక్కదు."

నా డిగ్రీ ఇప్పించలేని అనుమతిని నీళ్లపాలైన పులుసు ఇప్పించింది.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి, దేవుడి దీపం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. "మీ అమ్మ ఈ జన్మలో పులుసును గాల్లో నడపదు."

"మరి బళ్లో పిల్లకాయలకి ఏం చెప్తావు మా?" అన్నాడు పెద్దవాడు.

"సైన్సు" అన్నాను. "మొదటి పాఠం స్తంభాలు."