ట్యూబులైటు కింద వాగు మొక్క

కొత్తగూడెంలో మా క్వార్టర్ ముందుగదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దానికి అడ్డంగా వేపచెట్టు. మధ్యాహ్నం కూడా ట్యూబులైటు వేసుకోవలసిందే. బదిలీ మీద వెళ్తున్న ఇంజినీరు ఒకాయన తన చేపల తొట్టిని మా ఆయనకు ఇచ్చి పోతే, దాన్ని ఆ గదిలోనే, ఆ లైటు కిందే పెట్టుకున్నాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు.

తొట్టిలో నిజం మొక్కలే పెంచాలని నా పట్టుదల. మా గది సంగతి విని చేపల దుకాణం అతను నవ్వాడు.

"అక్కా, గా చీకటి గదిల బతకయ్. పెద్ద లైట్లు గావాలె. ప్లాస్టిక్‌వి తీస్కపో."

నేను కొనలేదు. గ్రంథాలయానికి వెళ్లాను. పదో తరగతితో ఆపించిన చదువును అక్కడే సాగించుకుంటున్నాను.

"వీక్లీలు ఆ బల్ల మీద ఉన్నయమ్మా," అన్నాడు అక్కడి ఉద్యోగి, నేను నోరు తెరవకముందే.

"నాకు మొక్కల పుస్తకం కావాలె," అన్నాను.

కింది అరలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుని చదివాను. వెలుతురు తక్కువైన చోట నెమ్మదిగా పెరిగే మొక్కలు పెట్టుకోవాలని, వెలుతురు ఎక్కువైతే నాచు పడుతుందని అందులో ఉంది. క్రిప్టోకోరైన్ అనే మొక్క బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఏన్కూరు వైపు మా వాగులో, చెట్ల నీడలో, రాళ్ల సందున అచ్చం అలాంటిదే చూశాను. పుట్టింటికి వెళ్లినప్పుడు వేళ్లతో సహా తవ్వి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి, తొట్టి ఇసుకలో నాటాను.

వారం తిరగకముందే ఆకులన్నీ మెత్తబడి కరిగిపోయాయి.

"ఏందే గిది, తోటకూర ఉడకబెట్టినవా?" అంది మా అత్తమ్మ. "చేపలకా, మాకా?"

"ఆకులే పోయినయ్ అత్తమ్మా. చోటు మారితే గట్లనే అయితదట. వేరు బతికుంటే మళ్ల వస్తయ్."

"ఎవలు చెప్పిన్రు?"

"పుస్తకంల ఉన్నది."

"పుస్తకం వచ్చి కంపు ఎత్తిపోస్తదా? ఆదివారం దాక చూస్త. అప్పటికి రాకుంటే తొట్టి కడిగి బియ్యం పోసుకుందాం. నీ లైబ్రరీ తిరుగుడు గూడ బందు."

బొగ్గు బాయి పనికి బయల్దేరుతూ మా ఆయన అన్నాడు: "ఉండనీ అమ్మా. బాయిల గీ మాత్రం వెలుగు గూడ ఉండదు. మేం బతుకుతలేమా?"

"షిఫ్టు అయితే నువ్వు పైకొస్తవురా. గవి వస్తయా?"

తొట్టి పోతే పోనీ అనుకోవచ్చు. గ్రంథాలయం దారి మూసుకుంటే నాకు మిగిలేది వంటగదే. కుళ్లిన ఆకులు ఏరేశాను, నీళ్లు మార్చాను, మొదళ్లను మాత్రం ముట్టుకోలేదు.

ఆదివారం అత్తమ్మ గాజులు పైకి తోసుకుని తొట్టి దగ్గరికి వచ్చింది. నేను అడ్డుపోలేదు.

"లాగి చూడుర్రి. ఊడొస్తే నేనే పారబోస్త."

ఆమె ఒక మొదలు పట్టుకుని లాగింది. చేపలు చెదిరిపోయాయి. మొక్క రాలేదు. ఇంకా గట్టిగా లాగితే ఇసుక గడ్డలా పైకి లేచింది, దాన్ని పట్టుకుని తెల్లటి వేళ్లు. మొదలు నడుమ ముల్లంత ఆకు, ఇంకా విప్పుకోనిది.

"రాదేందే ఇది?"

"బతికున్నది అత్తమ్మా."

ఆమె చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. వంటింట్లోకి పోతూ, నా వైపు చూడకుండా అంది:

"రేపు లైబ్రరీకి పోయినప్పుడు బియ్యానికి డబ్బా ఒకటి తీస్కరా."