చలి కావాల్సిన దుంపలు

మొన్న చలి మొదలవుతుండగా పక్కింటి అమ్మాయి తులిప్ పూల దుంపల సంచీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "ఆంటీ, మా ఆయన ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ అవుతుందో లేదో తెలీదు, అవకపోతే వెళ్ళిపోవాలి. ఇవేమో ఏప్రిల్‌కి గానీ పూయవట. నాటమంటారా, స్టోర్‌లో రిటర్న్ చేసేయనా?" అని నవ్వుతూనే అడిగింది గానీ, ఆ సంచీ మూతి ముడి వేస్తూ విప్పుతూనే ఉంది. నాకు వెంటనే మిషిగన్‌లో నోవై ఊళ్ళో అప్పటి మా ఇల్లు కళ్ళముందు కదిలింది.

కార్ల కంపెనీలు ఒకదాని వెంట ఒకటి మనుషుల్ని తీసేస్తున్న ఏడాది అది. ముచ్చటపడి కొన్న ఎర్ర తులిప్ దుంపలు ఇంకా గరాజులో ఉండగానే మావారి ఉద్యోగం పోయింది. ఇంకో కంపెనీ వీసా ఫైల్ చేస్తే ఉంటాం, లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే; నా వయసు వాళ్ళకి ఆ గుబులు విప్పి చెప్పక్కర్లేదు. ఫోను మోగితే చాలు, పోపు చిటపటలాడుతున్నా పొయ్యి కట్టేసి, ఊపిరి బిగబట్టి ఆయన ముఖంలోకి చూసేదాన్ని. ఆయన "ఓకే, థాంక్యూ" అని మెల్లిగా పెట్టేస్తే మళ్ళీ పొయ్యి వెలిగించేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక "దుంపలు నాటేద్దామండీ" అంటే, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి "నాటి ఎవరికి అప్పజెప్పి పోతావే?" అని గయ్యిమన్నారు.

నాకు పంతం వచ్చింది. వెళ్ళేలోగా ఒక్క పువ్వన్నా చూడాలి. చలికాలం రాగానే కరివేపాకు కుండీని లోపలికి తెచ్చి, హీటరు గాలి తగిలేచోట పసిబిడ్డలా కాపాడుకునేవాళ్ళం కదా, ఇవీ వెచ్చగా ఉంటే త్వరగా పూస్తాయనుకుని ఓ కుండీలో నాటి దాని పక్కనే పెట్టాను. పలకరించడానికి వచ్చిన ఎదురింటి తెల్ల పెద్దావిడ అది చూసి "నో నో, హనీ!" అంటూ కుండీ ఎత్తుకుని చల్లటి గరాజులోకి నడిచింది. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి చేతులతోనే చెప్పింది, చలికాలమంతా ఓర్చుకుంటేనే పువ్వు పైకొస్తుందని, అంటే ఏప్రిల్‌కని. మాకు ఏప్రిల్ ఉందో లేదో ఎవరు చెప్పాలి? గరాజు గచ్చు మీద ఆ కుండీ, వంటింట్లో ఆ ఫోను, రెండూ నోరు మూసుకుని కూర్చున్నాయి.

మంచు కరగకముందే ఓ పొద్దున ఫోను మోగింది. ఈసారి ఆయన గోడకి చెయ్యి ఆనించి అలాగే కిందకి జారి కూర్చున్నారు. "పిస్కాటవేలో జాబ్, వేరే రాష్ట్రం. వీసా వాళ్ళే ఫైల్ చేస్తారట. వెంటనే రమ్మంటున్నారు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. సామానుతో నిండిన కార్లో కుండీకి చోటు లేక, ఎదురింటావిడకి అప్పజెప్పి వచ్చేశాం. పూసినప్పుడు ఆవిడ ఫోన్ చేసి ఎంత ఎర్రగా ఉన్నాయో చెప్పింది. నేను చూడలేదు.

ఆ రోజుల్లోనే, పిస్కాటవేలో మేం అద్దెకు దిగిన ఇంటి మెట్ల పక్కన మట్టిని చీల్చుకుని పచ్చటి మొనలు లేచాయి, తర్వాత పసుపుపచ్చ తులిప్‌లు విచ్చాయి. ఎవరు నాటారో, వాళ్ళు ఎటు వెళ్ళాల్సి వచ్చిందో మాకు తెలియనే లేదు.

అందుకే మొన్న ఆ పక్కింటి అమ్మాయితో "నాటెయ్ తల్లీ, ఎవరో ఒకరు చూస్తారు" అని చెప్పి, తవ్వడానికి నేనూ వెళ్ళాను. ఆ అమ్మాయి ఒక్కో దుంప పెట్టి మట్టి కప్పడం, చెయ్యి దులుపుకుని జేబులోంచి ఫోను తీసి చూసుకోవడం. మా రోజుల్లో అది మోగేదాకా ఆగేవాళ్ళం, మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్ళం. పాపం, వీళ్ళకి ఆ కాస్త సందు కూడా లేకుండా పోయింది.