ఆ ఏడు తూము తీశాం

మాది పులికాటు సరస్సులో ఒక దీవి. దీవి అనగానే కొబ్బరిచెట్లు ఊహించుకునేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. మా దీవిలో ఉండేవి తాటిచెట్లు, తుమ్మలు, కాలికింద పెళపెళలాడే ఉప్పు పెచ్చు. పడవెక్కితే ఒడ్డు చేరడానికి ఒక పూట పట్టేది, గాలి ఎదురైతే రెండు పూటలు. సరస్సు వెనక్కి తగ్గిన చోటల్లా బురద మేటలు తేలేవి. వాటి మీద రాజహంసలు తలలు నీళ్ళలో ముంచి, ఏదో పోగొట్టుకున్నట్టు పొద్దస్తమానం వెతుక్కునేవి. నక్కలకైతే కొదవే లేదు.

చుట్టూ ఉప్పునీళ్ళున్నా నడుమ మాకు ఒక వాననీటి చెరువుండేది. అందులో, నీళ్ళలోనే మొదళ్ళు నాని బతికే కడప చెట్లు. కార్తీకం రాకముందే ఆ చెట్ల మీదికి గూడబాతులు వచ్చి వాలేవి. గంగాళమంత ఒళ్ళు, ముక్కు కింద వేలాడే సంచి. పెద్ద పక్షులకు గొంతు లేదనే చెప్పాలి. ఆ లోటంతా పిల్లలు తీర్చేవి. పుష్యమాసమంతా మా ఊళ్ళో మెల్లగా మాట్లాడేవాళ్ళే ఉండరు, మాట్లాడితే వినపడదు గనక. ఇక కంపు సంగతి సరేసరి. కొత్తకోడళ్ళు నెలరోజులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళూ మాలాంటివాళ్ళే అయిపోయేవాళ్ళు. ఆ రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి పారితే వేరే ఎరువు అక్కర్లేదు. అందుకే ఆ కంపును ఎవరూ కంపు అనేవాళ్ళు కారు.

చెరువు తూము తీసి మూసే పని మా నాయనది. దానికి రెండు కట్టుబాట్లు. పిల్లలు ఎగిరిపోయేదాకా బయటి వరుస చెట్ల మొదళ్ళు నీళ్ళలో మునిగే ఉండాలి. నీళ్ళు దిగితే నక్కలు నడిచొస్తాయి, నక్కలు తిరిగే చెట్ల మీద గూడబాతులు నిలవవు. రెండోది, తూము తియ్యమని నాయనను ఎవరూ నోరు తెరిచి అడగకూడదు. ఆయనకూ పొలముంది, అడిగితే కాదనలేడు. ఎప్పటి పెద్దలో మనిషి మెత్తదనం తెలిసి పెట్టిన పద్ధతి అది.

మా బడి ఐదో తరగతి దాకే. పంతులమ్మ కావలి నుంచి వచ్చిన క్రైస్తవురాలు, ఒంటరి మనిషి. ఆదివారం ప్రార్థన ఆమె ఒక్కతే చేసుకునేది, పాట మాత్రం ఊరంతా వినేది. ఒకరోజు భూగోళం పాఠంలో, సముద్రం నడుమ నిప్పులు కక్కుతూ పుట్టిన ఒక దీవి బొమ్మ చూపించింది. నల్లటి రాయి, గడ్డిపరక లేదు. ముందుగా అక్కడ కాలు పెట్టింది పక్షులేనట. “ఆ పక్షులకి మనిషంటే భయం తెలియదు” అంది. నేను వెంటనే లేచి, “మా పక్షులకి గూడా తెలీదు టీచర్” అన్నాను. ఆమె నవ్వి, నన్ను కావలి హైస్కూలుకు పంపాలని ఆరోజే నాయనతో చెప్పింది. తను చదువుకున్న హాస్టల్లో చోటు కూడా మాట్లాడింది.

“పంట చేతికొస్తే పంపిస్తా” అన్నాడు నాయన.

ఆ ఏడు పంట చేతికొచ్చేలా లేదు. అరవైల మొదటి సంవత్సరాలు అవి. కార్తీకంలో నాలుగు వానలు పడి, మళ్ళీ మబ్బు కనపడలేదు. పుష్యానికి చెరువు సగానికి దిగింది. సరిగ్గా అప్పుడే వరి పొట్టకొచ్చింది, గూళ్ళలో పిల్లలూ లేచాయి. బయటి వరుస చెట్ల మొదళ్ళ దగ్గర జానెడు నీళ్ళు మిగిలాయి. రైతులు పొద్దున్నే కట్ట మీదికి వచ్చి నిలబడేవాళ్ళు. నీళ్ళకేసి చూసేవాళ్ళు గాని, నాయనకేసి చూసేవాళ్ళు కారు. ఒక్కరూ అడగలేదు. వాళ్ళ ఓర్పును ఇప్పటికీ తలుచుకుంటాను, తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

అడిగింది నేను. పదకొండేళ్ళదాన్ని. మధ్యాహ్నం నాయనకు సంగటి తీసుకుని పోయాను. మా మడిలో వరి ఆకు చుట్టుకుపోయి సూదుల్లా నిలబడి ఉంది. కావలి, హాస్టలు, కొత్త పుస్తకాలు అన్నీ ఆ సూదుల్లోనే ఎండిపోతున్నట్టు కనిపించి ఏడుపొచ్చింది.

“నాయనా, రవ్వంత తియ్యి. ఒక్క తడికి. చెట్లు యాడికీ పోవు గదా” అన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. కోప్పడతాడనుకున్నాను. చెయ్యి కడుక్కుని లేచి, తూము దగ్గరికి దిగి, దాన్ని మూసిన కర్ర పైకి లాగాడు. రెండు పగళ్ళు నీళ్ళు పారాయి. ఊళ్ళో అందరి మడులూ తడిశాయి. అడగనివాళ్ళు ఆపనూ లేదు.

మూడోరోజు పొద్దున బయటి వరుస చెట్ల కింద బురద తేలింది. పట్టపగలే నక్కలు ఆ బురదలో నడుచుకుంటూ వచ్చాయి. గూడబాతులు లేచి చెరువు మీద తిరిగాయి, వాలాయి, మళ్ళీ లేచాయి. సాయంత్రానికి బయటి చెట్లు, మర్నాటికి లోపలి చెట్లు ఖాళీ. పెద్దవి దక్షిణంగా పోయాయి, పిల్లలు గూళ్ళలోనే ఉండిపోయాయి. రెక్కలు రాని వాటిని ఎవరు తీసుకుపోతారు? వాటి అరుపు రోజురోజుకూ సన్నబడింది. ఊళ్ళో మాటలు వినపడడం మొదలైంది.

నాయన గంపతో చెరువులోకి దిగి, కింద పడినవాటిని ఇంటికి మోసుకొచ్చాడు. ఊరివాళ్ళు వలలకు పడ్డ చిన్నచేపలన్నీ తెచ్చి మా వాకిట్లో పోశారు. పిల్లలు ముట్టలేదు. తల్లి సంచిలో తలపెట్టి తినడం తప్ప వాటికి ఇంకోలా తినడం తెలియదు. అమ్మకు ఆ సంగతి తోచి, తాటాకు దొన్నె వెడల్పుగా కుట్టి, అందులో చేపలు వేసి, గడ్డం కింద పెట్టుకుని వాటి ముందు వంగి కూర్చుంది. ఒక్కటి మాత్రం తల దూర్చింది. “తినె, తినె” అని అమ్మ మురిసిపోయింది. అదీ ఎనిమిదో రోజుకు పోయింది. అమ్మ ఆ దొన్నెను పొయ్యిలో పడేసి, ఆ పూట నాతో మాట్లాడలేదు. ఆమె ఒక్కతే నన్ను శిక్షించింది, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

పంట బాగా పండింది. జూన్‌లో నాయన నన్ను పడవలో ఒడ్డుకు దాటించి, దొరవారిసత్రంలో రైలెక్కించాడు. బిట్రగుంటలో ఇంజన్లు చూసి నోరు తెరిచాను, కావలిలో దిగేసరికి ఏడుపు మరిచిపోయాను. పిల్లదాన్ని, సంతోషం ఆగలేదు. నన్ను ఆ ఊరికి చేర్చింది ఏమిటో తెలిసి కూడా సంతోషపడ్డాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను గాని, దాటెయ్యడానికి మనసొప్పలేదు.

దీపావళి సెలవులకు ఇంటికొచ్చాను. ఆ సరికి వానలు దండిగా పడి చెరువు నిండింది. చెట్లు మెడదాకా నీళ్ళలో ఉన్నాయి. ఒక్క పక్షీ రాలేదు.

పక్షులు బెదురుతాయని మా ఊళ్ళో దీపావళికి ఎవరూ టపాకాయలు కాల్చరు. ప్రమిదలు పెట్టుకుని ఊరుకుంటాం. హాస్టల్లో పిల్లలు ఈ మాట విని నన్ను ఆటపట్టించారని, టపాకాయ ఎలా కాల్చాలో కూడా తెలియదన్నారని ఇంటికి ఉత్తరం రాసి ఉన్నాను. పంతులమ్మ దాన్ని నాయనకు చదివి వినిపించిందట.

పండగనాడు దీపాలవేళకు నాయన నన్ను చెరువుకట్ట మీదికి తీసుకుపోయాడు. పై గుడ్డ మడతలోంచి ఒక పొట్లం తీశాడు. ఒడ్డుకు పోయి కొనుక్కొచ్చిన టపాకాయలు. ఆయన మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బిడ్డ ముచ్చట తీర్చాలన్నదే ఉంది.

“కాల్చుకో తల్లీ. ఇంక బెదిరేదానికి ఏముండాయి” అన్నాడు.

వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుందని ఒకటి అంటించాను. చెవులు మూసుకున్నాను. అది పేలింది. నాయనా నేనూ ఇద్దరం చెట్లకేసి చూశాం. ఏదీ లేవలేదు.