అత్త విన్న ఊపిరి

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను దేవుడి ముందు దీపం వెలిగిస్తున్నాను. "అక్కా, అత్త దొడ్డి కాడ కూసున్నది కూసున్నట్టే ఒరిగిపోయింది," అని ఫోనులో మా చిన్న చెల్లెలు చెప్పింది. వత్తి నిలకడగా వెలిగేదాకా చూసి, దండం పెట్టుకుని, మార్కాపురంలో బస్సెక్కాను. అర్ధవీడు పక్కన వాళ్ల ఊరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. వాకిట్లో దండెం మీద ఆమె ముక్కుతొడుగు వేలాడుతోంది. పొద్దున తన చేత్తోనే కడిగి ఆరేసిందట. అప్పటికి ఆరిపోయి ఉంది. అది చూశాక వచ్చింది ఏడుపు.

ముక్కుతొడుగు అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. నిద్రలో గొంతులో దారి మూసుకుపోయి, ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఒకటుంది. స్లీప్ ఆప్నియా అంటారు. అది ఉన్నవాళ్లు పడుకునేటప్పుడు చిన్న మిషన్ నుంచి గాలి అందేలా ముక్కుకు ఆ తొడుగు పెట్టుకుంటారు. పోయిన మనిషిని తలుచుకుంటూ జబ్బు సంగతేమిటని అనుకోకండి. చివరి ఏళ్లలో మా అత్త పట్టుబట్టి చేసిన పని దాని చుట్టూనే తిరిగింది.

ఆమె మా నాయనకు చెల్లెలు. గొర్రెలున్న ఇంటికి కోడలిగా పోయింది. తర్వాత మా అక్కచెల్లెళ్లలో చిన్నదాన్ని తన కోడలిగా తెచ్చుకుంది. సాయంత్రం మంద ఇల్లు చేరగానే ఆ ఇంట్లో పెద్ద పని ఉండేది. పగలంతా దొడ్డిలో ఉంచిన గొర్రెపిల్లల్ని వదిలి, ఏ తల్లి పిల్లను ఆ తల్లి దగ్గరకు చేర్చాలి. కాస్త పెరిగినవి వాటంతట అవే పోతాయి. పసివి పోలేవు. తల్లులూ పిల్లలూ ఒక్కసారిగా అరుస్తుంటే మాకు ఏదీ తోచేది కాదు. అత్త మాత్రం ఆ దుమ్ములో నిలబడి, ఒక్కో పిల్లను చంకనెత్తుకుని, నేరుగా దాని తల్లి పొదుగు దగ్గర దింపేది.

"ఎట్ల గుర్తుపడతావత్తా?" అంటే, "నీ బిడ్డను బడి కాడ నువ్వెట్ల గుర్తుపడతావు?" అనేది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం పిల్లను వేరే తల్లికి పట్టింది. ఆ గొర్రె వాసన చూసి తలతో పక్కకు నెట్టింది. ఇంకో తల్లి దగ్గరకు తీసుకుపోయింది. అదీ నెట్టింది. అత్త ఆ పిల్లను చేతుల్లో పట్టుకుని మంద మధ్యలో అలాగే నిలబడిపోయింది. "వయసు మీదపడిందిలే," అన్నారు ఇంట్లో. అప్పటికే ఆమెకు పొద్దున లేస్తే తల బరువు. ఊరికే దిగులు. బియ్యం చేటలో పోసుకుని, ఎందుకు పోసుకున్నదీ మరిచిపోయి కూర్చునేది. దగ్గర్లో చూపిస్తే రక్తం తక్కువని ఒకసారి, మనసులో ఏదో పెట్టుకుందని ఒకసారి మందులు ఇచ్చారు.

మామ సంగతి వేరు. ఆయన గురక ఊరికంతా వేడుక. పంటలు తీశాక, ఎరువు కోసం రైతుల చేలల్లో రాత్రిళ్లు మందను నిలుపుతారు. కాపరులందరూ పక్కపక్కనే పడుకుంటారు. వాళ్లలో ఒకాయన ఇంటికొచ్చి చెప్పాడు.

"మామా, నువ్వు గురక పెడితే మాకేం బాధ లేదు. మజ్జలో ఆపుతావు సూడు, అప్పుడే మాకు నిద్ర పట్టేది లేదు. నువ్వు మల్లా మొదలుపెట్టేదాక మేమంతా ఊపిరి బిగబట్టుకోని కూసోవాల."

అందరం నవ్వాం. నవ్వినా, ఆ మాట పట్టుకుని కొడుకు ఆయన్ను ఒంగోలు తీసుకుపోయి నిద్ర పరీక్ష చేయించాడు. ఫలితం చెప్పే రోజు అత్తా నేనూ కూడా పోయాం. డాక్టరమ్మ మామకు చెబుతున్నంతసేపూ అత్త కుర్చీలో తూగుతోంది. డాక్టరమ్మ మాట ఆపి ఆమె వైపు చూసింది.

"ఈమెకు నిద్ర ఎలా ఉంటుంది?"

"దానికేమమ్మా, అది గురక పెట్టదు," అన్నాడు మామ.

"నీకెట్ల తెలుసయ్యా? నువ్వు మంద కాడ, నేను వంటింట్లో," అంది అత్త కళ్లు తెరవకుండానే. తర్వాత నెమ్మదిగా చెప్పింది. తనకు గురక వస్తుందని కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు ఎగతాళి చేసిందట. అప్పటి నుంచి ఎవరి చెవినా పడకుండా వంటింట్లో తలుపేసుకుని పడుకుంటోందట.

డాక్టరమ్మ నవ్వలేదు. మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడుకు గాలి తగ్గుతుంది. అది ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. రాత్రంతా అదే వరస. పడుకున్న మనిషికి అది తెలియను కూడా తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ మెదడులో జ్ఞాపకం, ధ్యాస, మనసు నిలకడ చూసుకునే చోట్లు దెబ్బతింటాయి. మగవాళ్లు పెద్ద గురకతో, పగటి కునుకుతో దొరికిపోతారు. ఆడవాళ్లు తలనొప్పి, నీరసం, నిద్రపట్టదు, దిగులు అంటూ వస్తారు. గురక చిన్నగానే ఉండొచ్చు. అందుకే వాళ్ల జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. "మెదడు మీద దెబ్బ మాత్రం చిన్నది కాదమ్మా. మెదడులో కొన్ని చోట్ల ఆ దెబ్బ ఆడవాళ్లకే ఎక్కువ కనబడుతోంది," అంది. అత్తకు కూడా పరీక్ష చేస్తే, ఉందని తేలింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, అత్త ఒక్క మాట అంది. "మొగోని గురక మందంతా ఇంటది. ఆడదాని గురక గోడ ఇంటది."

ఇంటికి రెండు మిషన్లు వచ్చాయి. తొడుగు పెట్టుకున్న భార్యను చూసి మామ, "దూడ మూతికి చిక్కం కట్టినట్టుందే," అన్నాడు. "చిక్కం పాలు తాగకుండా కడతారు. ఇది గాలి తాగేదానికి. నీది గూడా కట్టుకో," అంది. మొదట్లో ఆమెకు ముక్కు ఎండిపోయేది. చెంపల మీద పట్టీ గుర్తులు పడేవి. మామ విసుగొచ్చి తనదాన్ని మూలన పెట్టాడు. ఆమె తీయలేదు. "పసిపిల్లకు పొదుగు అలవాటయ్యేదాక మూతి పట్టుకోని తాపిస్తాం. ఇదీ అంతే," అనేది. కొన్నాళ్లకు మామే సిగ్గుపడి తనది మళ్లీ బయటకు తీశాడు. పొద్దున్నే రెండు తొడుగులూ కడిగి దండెం మీద ఆరేసేది అత్తే.

పోయినదంతా తిరిగి వచ్చిందని చెబితే అబద్ధం. తలబరువు తగ్గింది. దిగులు పలచబడింది. చాలా గొర్రెపిల్లల్ని మళ్లీ గుర్తుపట్టగలిగింది. గుర్తురాని వాటికి ఆమె తన పాత చీర చింపి, తల్లికీ పిల్లకూ ఒకే రంగు పీలిక మెడలో కట్టింది. "తప్పు కలిపితే ఏం కాదు. తప్పని ఒప్పుకోకపోతే పిల్ల ఆకలితో పండుకుంటది," అనేది.

ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టింది. తలనొప్పి అన్న ప్రతి ఆడమనిషి ఇంటికీ మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక పోయేది. "నువ్వు పండుకో, నేను ఊరికే కూసుంటా," అనేది. వీపు మీద చెయ్యి వేసి ఊపిరి వినేది. అనుమానమొస్తే ఆ ఇంటి మగవాణ్ణి పిలిచి, డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపొమ్మని చెప్పేది. తాను జబ్బు తేల్చేదాన్ని కాదనీ, వినేదాన్ని మాత్రమేననీ ముందే చెప్పేది. కొందరు విసుక్కున్నారు. "గురక పోలీసొచ్చింది," అన్నారు. ఆమె మళ్లీ పోయింది.

సొంత కోడలి దగ్గరే ఆమె మాట చెల్లలేదు. మా చిన్నదానికీ పొద్దున తలనొప్పి, చీటికిమాటికి కంటనీరు. మధ్యాహ్నం కునుకులో ఊపిరి ఆగుతోందని అత్త చెబితే, "ఇంట్లో ఇద్దరు తొండాలు తగిలించుకున్నారు, సాలదా అత్తా? నేను గూడా పెట్టుకుంటే ఏనుగులోళ్ల ఇల్లని పేరు పెడతారు," అని నవ్వి తోసేసేది.

నేను పోయినప్పుడు అత్త నన్ను పక్కకు పిలిచింది. "నేను సెప్తే అత్త పోరు అనుకుంటది. నువ్వు పెద్దదానివి. నువ్వు తోలుకపో."

"రోజూ దాని కోసం దండం పెట్టుకుంటున్నానత్తా," అన్నాను.

"పెట్టుకో అమ్మీ. దేవుడికి దండం పెట్టుకో, మిషనుకు ప్లగ్గు గూడా పెట్టాల."

ఆ మాట తర్వాత ఆమె ఎక్కువ కాలం లేదు. గుండె ఆగిందన్నారు. ఏళ్ల తరబడి తెలియకుండా ఉన్న జబ్బు గుండెను కూడా అలసిపోయేలా చేసి ఉండొచ్చని డాక్టరమ్మ అంది. ఉండొచ్చు అని మాత్రమే అంది.

పెద్దకర్మ రోజు సాయంత్రం చుట్టాలు వెళుతుండగా మంద ఇల్లు చేరింది. పిల్లలు అరుస్తున్నాయి. చిన్నది కొంగు దోపుకుని దొడ్డిలోకి పోయింది. మెడలో పీలిక లేని ఒక పిల్లను ఎత్తుకుని ఒక తల్లికి పట్టింది. ఆ గొర్రె నెట్టేసింది. మరో తల్లి కూడా నెట్టింది. చిన్నది ఆ పిల్లను చేతుల్లో పట్టుకుని దుమ్ములో నిలబడిపోయింది. అరుగు మీద నుంచి మామ లేచి నిలబడ్డాడు.

నేను వెళ్లి దాని పక్కన నిలబడ్డాను. అత్త అలా నిలబడటం ఆ ఇంట్లో చూడనివాళ్లు లేరు.

"నాలుగు దినాల నుంచి ఇట్లనే అయితాంది," అంది చిన్నది. "ఒంగోలు ఎప్పుడు పోదామక్కా?"

"రేపు."

"ఏనుగులోళ్ల ఇల్లంటే?"

"అననీ," అన్నాడు మామ వెనక నుంచి.

పరీక్ష అయింది. దానికీ ఉందని తేలింది. అత్తకు ఆలస్యంగా తెలిసిన జబ్బు దానికి తొందరగానే తెలిసింది. ఇది చదువుతున్న మీ ఇంట్లో ఆడమనిషి ఎవరైనా పొద్దున్నే తలబరువుతో లేస్తుంటే, ఊరికే కంటతడి పెడుతుంటే, మాట మధ్యలో మరిచిపోతుంటే, వయసని వదిలేయకండి. ఆమె కునుకు తీసేటప్పుడు పక్కన కూర్చుని వినండి. విన్నాక డాక్టరు దగ్గరకు తీసుకుపోండి.

మొన్న పొద్దున ఆ ఇంటికి పోయాను. ఇప్పుడు తొడుగులు కడిగేది మామ. తనదొకటి, చిన్నదానిదొకటి దండెం మీద ఆరేశాడు. రెండింటి మధ్య, ఎప్పుడూ అత్తది వేలాడే చోట, జానెడు జాగా వదిలాడు. మెడలో పాత చీర పీలిక కట్టిన ఒక గొర్రెపిల్ల ఆ తొడుగుల కింద నిలబడి, కారే నీటిచుక్కలకు నోరు చాపుతోంది.